లేసు లెక్క తేల్చడానికి వెళ్లిన కామర్స్ పిల్లలు

మా వైపు కాలేజీ పిల్లల ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) క్యాంపు ఎలా జరుగుతుందో చూడనివాళ్లుండరు. ఊరి మొదట్లో బ్యానర్ కడతారు. నాలుగు చీపుళ్లు, ఒక బస్తా బ్లీచింగ్ పౌడర్, పిల్లలందరికీ ఒకే రంగు టీషర్టులు. సర్పంచ్ గారి చేత రెండు మొక్కలు నాటించి ఫోటో తీయించుకుంటారు. ఏడో రోజు ముగింపు సభ, శాలువాలు. ఎనిమిదో రోజు నుంచి ఆ మొక్కల సంగతి మేకలు చూసుకుంటాయి.

నేను నరసాపురం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. ఎన్ఎస్ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్ పని నేను కోరుకున్నది కాదు. అంతకుముందు చూసిన జువాలజీ మేష్టారికి ట్రాన్స్‌ఫర్ అయింది, స్టాఫ్ మీటింగులో అందరూ నా వైపు చూశారు, అంతే. ఈ బాధ్యత మామూలుగా మూడేళ్లు ఉంటుంది. యూనిట్‌కి వంద మంది పిల్లలు. ఒక్కొక్కరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. దత్తత తీసుకున్న ఊళ్లో ఏడు రోజుల శిబిరం పెట్టాలి. 1969 సెప్టెంబర్ 24న, గాంధీ గారి శతజయంతి ఏడాదిలో, 37 యూనివర్సిటీల్లో మొదలైన పథకం ఇది. కామర్స్ వాణ్ణి కదా, గుణించి చూశాను. వంద మందికి కలిపి 24,000 గంటలు. చదువుకున్న పిల్లల పని ఇన్ని గంటలు ఉచితంగా చేతిలో ఉంటే, దాన్ని తీసుకెళ్లి చీపుళ్లకి ఖర్చు పెడుతున్నాం.

దీనికి తోడు మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఒకటుంది. మొదటి ఏడాది అయ్యాక సెలవుల్లో 180 గంటలు, 4 క్రెడిట్లు. అది ఎలా పూర్తవుతుందో డిగ్రీ చదివే పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. జిరాక్స్ షాపులో రికార్డు దొరుకుతుంది, పేరూ ఊరూ మార్చుకుంటే సరి. ఈ రెండిట్నీ ఒకే ఊరికి కట్టేసి, ఏటా కొత్త బ్యాచ్ అదే ఊరికి వెళ్లేలా చేస్తే ఎలా ఉంటుందన్నది నా ఆలోచన. ఆ రోజుల్లోనే అమెరికాలో ఉన్న మా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఫోన్లో విస్టా గురించి చెప్పింది. 1965 నుంచి నడుస్తున్న జాతీయ సేవా కార్యక్రమం అది, ఇప్పుడు అమెరికార్ప్స్‌లో భాగం. పేదరికం తగ్గించే పని చేసే సంస్థ దగ్గరో, కాలేజీ దగ్గరో వలంటీరు ఏడాదిపాటు పూర్తికాలం ఉంటారు. ఇచ్చే భత్యం అక్కడి పేదవాళ్ల బతుకు ఎలా ఉంటుందో తెలిసొచ్చేంత మాత్రమే. నాకు నచ్చింది వేరే. వాళ్లు స్వయంగా వండి వడ్డించరు. తాము వెళ్లిపోయాక కూడా పని ఆగకుండా నడిచేలా ఏర్పాట్లు చేయడమే వాళ్ల ఉద్యోగం. మా కాలేజీలో పూర్తికాలం పనిచేసే పిల్లలూ లేరు, భత్యాలూ లేవు. అయినా మేం వచ్చేశాక ఊళ్లో ఏం మిగులుతుంది అనే ప్రశ్నకి డబ్బు ఖర్చవదు కదా.

మేం ఎంచుకున్న ఊరు మొగల్తూరు వైపు వెళ్లే దారిలో ఉంటుంది. అటు వచ్చిన చుట్టాలు కారు దిగి కొబ్బరిచెట్ల ముందు ఫోటోలు దిగుతారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మా డెల్టాలో పచ్చదనానికి లోటు లేదు. చిక్కంతా దాంతోనే. ఇక్కడ పేదలున్నారంటే బయటివాళ్లు నమ్మరు. వరి చేలు రొయ్యల చెరువులయ్యాక ఊడ్పుల కూలీ, కోతల కూలీ తగ్గిపోయాయి. చెరువుకి అంతమంది కూలీలు అక్కర్లేదు, మేత వేసి కాపలా కాసే మనిషి ఉంటే చాలు. ఆడవాళ్లలో కొందరు రొయ్యలు వలిచే షెడ్లకి పోతారు, కొందరు కువైట్, మస్కట్ వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు ఇంట్లో కూర్చుని లేసు అల్లుతారు.

కాగితాల పని మామూలే. ప్రిన్సిపాల్ గారి లెటరు, పంచాయతీ సెక్రటరీకి ఒక కాపీ, సర్పంచ్ గారికి ఒకటి. మధ్యలో సెమిస్టర్ పరీక్షలొచ్చి ఆలస్యమైంది. సర్పంచ్ గారు "ఆయ్, తప్పకుండా రండి" అన్నారు. కానీ ఆడవాళ్లని ఒకచోట కూర్చోబెట్టగలిగేది వీవోఏ అని ఊళ్లో దిగాకే తెలిసింది. డ్వాక్రా సంఘాల లెక్కలు రాసే అమ్మాయి. ఏ ఇంట్లో ఎవరు అప్పు కట్టలేకపోతున్నారో, ఏ ఇంట్లో మనిషి గల్ఫ్‌లో ఉందో, ఎవరికి ఎవరితో మాటల్లేవో ఆ అమ్మాయికి కంఠతా వచ్చు.

మొదటిసారి పిల్లలు ఊళ్లో తిరిగినప్పుడు తమాషా జరిగింది. బ్యాడ్జీ మీద వలంటీర్ అని చూసి ఒక ముసలాయన పింఛను సంగతి అడిగాడు. 2019 నుంచి 2024 దాకా ఊళ్లలో వలంటీరంటే ఒకటో తారీఖు పొద్దున్నే తలుపు కొట్టి పింఛను చేతిలో పెట్టే మనిషి. ఇప్పుడు ఆ పని సచివాలయం ఉద్యోగులు చేస్తున్నారని పిల్లలు చెప్పేలోపే ఇంటి స్థలం, రేషన్ కార్డులో కోడలి పేరు, గ్యాస్ డబ్బులు, అర్జీలన్నీ వచ్చి మీద పడ్డాయి. బ్యాడ్జీలు తీసి జేబులో పెట్టుకోమన్నాను. ఇంటింటి సర్వే ఫారాలు కూడా అంతే. మరుగుదొడ్డి ఉందా, గ్యాస్ ఉందా అని అడుగుతుంటే "పోయినేడు కూడా ఎవరో రాసుకెళ్లారు బాబూ, అవే చూసి రాసేసుకోండి" అన్నారు.

తర్వాత డ్వాక్రా సంఘాల గ్రామ సమాఖ్య నెలవారీ మీటింగుకి వెళ్లాను. కాలేజీ ఏం చేయాలనుకుంటోందో కాసేపు మాట్లాడాను. వింటున్నవాళ్లలో సగం మంది చేతులు ఆగలేదు, ఒళ్లో లేసు నడుస్తూనే ఉంది. నా ఉపన్యాసం అయ్యాక అధ్యక్షురాలు నేరుగా అడిగింది:

"ఇంతకీ మీ పిల్లలకి ఏం వచ్చు మేష్టారూ?"

"లెక్కలు వచ్చండి."

"అయితే మా లేసు లెక్క చూడమనండి. వీధులు ఊడ్చుకోవడం మాకొచ్చు."

నరసాపురం లేసు గురించి పేపర్లలో చాలా వస్తుంది. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాలు ఇక్కడి ఆడవాళ్లకి నేర్పిన పని ఇది. గడప దాటక్కర్లేదు కాబట్టి అన్ని ఇళ్లల్లోకీ పాకింది. టేబుల్ క్లాత్‌లు, దిండు గలీబులు, గౌన్ల కాలర్లు ఇక్కణ్నుంచి ఓడలెక్కి విదేశాలకి పోతాయి. రుస్తుంబాదలో లేసు పార్కు ఉంది. 2024లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇన్ని వార్తల్లో అల్లే మనిషి చేతికి ఎంతొస్తుందన్న ముక్క మాత్రం కనపడదు. ఎగుమతిదారు దగ్గర్నుంచి ఏజెంటు దారం తెస్తాడు. అతని కింద ఊళ్లో ఇంకో ఏజెంటు ఉంటుంది. ఆమె ఇళ్లకి పంచి, ముక్కలు వసూలు చేసి కూలి కడుతుంది. కొన్నిటికి ముక్క లెక్క, కొన్నిటికి దారం లెక్క. రేటు చాలాసార్లు ముక్కలు ఇచ్చేశాకే తెలుస్తుంది. దారం తక్కువొచ్చిందంటే ఆ మేరకు కోత.

థర్డ్ బీకాం అమ్మాయి ఒకామె స్టాప్‌వాచ్ ఆన్ చేసి, అరుగు మీద ఒక పిన్నిగారి ఎదురుగా కూర్చుంది. ఎడమ చూపుడువేలికి దారం చుట్టి, కుడిచేతిలో కొక్కెం మూతి సూదితో గొలుసు వేసి, దాన్ని గుండ్రంగా ముడిచి, అందులోంచి ఒక్కో రేకూ తీస్తుంటే పిన్నిగారు మామూలుగా కిందికి చూడను కూడా చూడదట. కానీ ఎదురుగా గడియారం పెట్టేసరికి పబ్లిక్ పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుపోయింది. మాట లేదు, టీవీ వైపు చూపు లేదు. పువ్వు పన్నెండు నిమిషాల్లో అయిపోయింది.

"రోజూ ఇంత తొందరగా అల్లేస్తారా పిన్నిగారూ?"

"ఇలా అల్లితే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది అమ్మాయ్. నువ్వు చూస్తున్నావని అల్లేను."

గంటల్లో చెప్పమంటే ఎవరూ చెప్పలేకపోయారు. మధ్యలో అన్నం వార్చాలి, కుళాయి వచ్చినప్పుడు బిందెలు పట్టాలి, బడి నుంచి పిల్లలొస్తారు. మా పిల్లలు రకరకాల పట్టికలు తయారుచేసి తీసుకెళ్లారు, ఒక్కటీ నిండలేదు. ఆఖరికి వాళ్ల కొలత వాళ్లే చెప్పారు: రెండు సీరియళ్లకి మూడు పువ్వులు. సీరియల్ అంటే యాడ్లతో కలిపి అరగంట. మధ్యలో లేచే లేవడాలు కూడా అందులోనే కలిసిపోయి ఉంటాయి. ఇంత తేలికైన కొలత మా కాస్ట్ అకౌంటింగ్ పుస్తకంలో ఎక్కడా లేదు. కుళాయి కోసం లేచిన సమయం ఖరీదులో కలపాలా వద్దా అని క్లాసులో పెద్ద వాదన అయింది. పుస్తకంలో ఐడిల్ టైమ్ అంటే కరెంటు పోవడం, సరుకు రాకపోవడం. కుళాయి రావడం దాంట్లో లేదు.

అప్పుడు ఆ వీధిలో నడుస్తున్న టేబుల్ మ్యాట్ డిజైను ఒకటి తీసుకున్నాం. తొమ్మిది పువ్వులు, అంటే ఆరు సీరియళ్లు. అంచు తిప్పి కలిపి కుట్టడానికి ఇంకో రెండు. మొత్తం నాలుగు గంటలు. చేతికొచ్చేది యాభై రూపాయలు. గంటకి పన్నెండున్నర. ఎనిమిది గంటలు కదలకుండా అల్లినా వంద. అదే 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 300. ఇది ఆ వీధిలో ఆ డిజైను లెక్క మాత్రమే. నరసాపురం లేసంతా ఇంతేనని నేను అనను. కష్టమైన డిజైన్లకి ఎక్కువే కడతారు.

ఈ లెక్క చార్టు మీద రాసి మీటింగులో చూపిస్తే ఆడవాళ్లు ఉలిక్కిపడతారని మా పిల్లలు అనుకున్నారు. ఎవరూ ఉలిక్కిపడలేదు. "తెలుసు బాబూ" అంది ఒకావిడ. "మానేస్తే ఆ యాభై కూడా రాదు. మట్టి పనికి వెళ్దామంటే నా మోకాళ్లు రావు. రేటు పెంచమని మీరెళ్లి అడిగితే ఏజెంటు దారం పక్క ఊరికి పట్టుకెళ్తుంది. దారం ఇచ్చిన రోజే రేటు రాసిమ్మని మాత్రం అడగండి. నెలాఖరుకి గొడవ తప్పుతుంది." చార్టు గీసిన కుర్రాడు చాలా నీరసపడిపోయాడు. నాకైతే అప్పుడే పని దొరికినట్టనిపించింది. ఎందుకంటే రేటు పెంచడం మా చేతిలో లేదు, పుస్తకం రాయడం మా చేతిలో ఉంది.

ఆ పుస్తకం మీద పిల్లలు నిజంగా కష్టపడ్డారు. మొదట గీసినదాంట్లో పదకొండు గళ్లున్నాయి. చదువు రాని అమ్మమ్మ ఒకావిడ దాన్ని చూసి నవ్వింది. చివరికి ఆరు గళ్లే ఉంచాం. తారీఖు, ఇచ్చిన దారం తూకం, డిజైను, రేటు, తిరిగిచ్చిన ముక్కలు, ముట్టిన డబ్బు. డిజైను గడిలో పేరు రాయనక్కర్లేదు, ఒక చిన్న లేసు ముక్క పిన్ను కొడితే చాలు. ఇది అమ్మమ్మ చెప్పిన ఉపాయమే. వంటింటి డిజిటల్ తూకం ఒకటి కొని వీవోఏ దగ్గర పెట్టాం. దారం ఇచ్చేటప్పుడూ, ముక్కలు తీసుకునేటప్పుడూ దాని మీద పెట్టాల్సిందే.

ఇక ఏజెంటుని ఒప్పించాలి. మా పాఠాల్లో దళారి అంటే ఒక దుర్మార్గుడు. ఇక్కడ ఏజెంటక్క అదే వీధిలో నాలుగో ఇల్లు. ఆమె కూడా అల్లుతుంది. పైనుంచి డబ్బు ఎప్పుడొస్తుందో ఆమెకే తెలీదు, పండగ ముందు సొంత డబ్బు పెట్టి కూలి కట్టిన రోజులున్నాయి. మొదట కోపగించుకుంది. "నేను దొంగనా అండీ, పుస్తకాలు పెట్టించడానికి?" అంది. ఆమెకి కూడా ఒక పుస్తకం ఇచ్చాం, పైవాళ్లతో తన లెక్క రాసుకోవడానికి. అది పట్టుకెళ్లి తన పాత బాకీ ఒకటి వసూలు చేసుకొచ్చాక మా మీద కోపం పోయింది. రేట్ల మాటకొస్తే, ఒక డిజైనుకి కొంచెం పెరిగింది, మిగతావన్నీ ఎక్కడివక్కడే. దారం కోత గొడవలు మాత్రం బాగా తగ్గాయి.

రెండో పని కార్డులు. ఇంట్లో కూర్చుని అల్లేవాళ్లకి యజమాని లేడు, పీఎఫ్ లేదు, కాబట్టి అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్‌లో నమోదవ్వచ్చు, 16 నుంచి 59 ఏళ్ల లోపు వాళ్లయితే. లేసు హస్తకళ కిందికి వస్తుంది కాబట్టి చేతిపనివాళ్లకి కేంద్రం ఇచ్చే పహచాన్ కార్డుకి కూడా అర్జీ పెట్టుకోవచ్చు. ఫోన్లున్న పిల్లలకి ఇదో పనా అనుకున్నాం. ఓటీపీ దగ్గర ఆగిపోయింది. ఒకావిడ ఆధార్‌కి ఉన్న నంబరు కూతురిది, కూతురు కువైట్‌లో ఉంది, ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. ఇంకొకావిడ నంబరు విడిపోయిన మొగుడిది. అడగనన్నది, అడిగించనూ లేదు. మరొకరిది ఏ నంబరో ఎవరికీ తెలీదు. నంబరు మార్పించుకోవాలంటే ఆధార్ సెంటరు, ఆటో ఖర్చు, ఒక పూట పని పోవడం. అక్కడ టోకెన్లు అయిపోయాయంటే మళ్లీ ఇంకో పూట.

దీనికి దారి చూపించింది పోస్ట్‌మ్యాన్. పోస్టల్ పేమెంట్స్ బ్యాంకు తరఫున వాళ్ల దగ్గరున్న ఫోనుతోనే ఆధార్‌కి మొబైల్ నంబరు మార్చవచ్చట, అప్పట్లో యాభై రూపాయల రుసుముతో. ఆయన్ని ఒక ఆదివారం సమాఖ్య ఆఫీసుకి రమ్మని బతిమాలితే వచ్చాడు. రొయ్యలు వలిచే ఆడవాళ్ల వేలిముద్రలు పడలేదు. ఐసు నీళ్లలో రోజంతా నానే వేళ్లు కదా. ఒక్కో వేలూ మార్చి, తడిగుడ్డతో తుడిచి, కాసేపాగి మళ్లీ పెట్టించి చూశాడు. చాలామందికి పడింది, కొందరికి పడనే లేదు. మా పిల్లలు క్యూలో నిలబెట్టడం, కాగితాలు సరిచూడటం తప్ప ఆ రోజు చేసింది లేదు. కాగితాలతోపాటు బ్యాంకు పాస్‌బుక్‌లు కూడా చేతిలో ఉన్నాయి కదా అని ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా, 436 రూపాయల జీవన జ్యోతి బీమా ఎవరికి ఉన్నాయో చూశారు. ఇద్దరు ముగ్గురికి డబ్బు కట్ అవుతున్న సంగతే తెలీదు. ఆ బీమా ఉందని ఇంట్లోవాళ్లకి తెలియకపోతే రేపు అడిగేదెవరు? పాస్‌బుక్ మొదటి పేజీలో స్కెచ్ పెన్నుతో రాసిచ్చారు.

ఎకనామిక్స్ పిల్లలు కౌలు రైతుల కార్డుల మీద పడ్డారు. ఇది చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు కార్డు పదకొండు నెలలకి ఇస్తారు, దానికి భూమి యజమాని సంతకం కావాలి. యజమానులు హైదరాబాద్‌లోనో భీమవరంలోనో ఉంటారు. భూమి మీద హక్కు పోదని చట్టంలో రాసి ఉన్నా సంతకం పెట్టరు. ఫోన్లో పిల్లలు ఎంత మర్యాదగా అడిగినా "చూద్దాం బాబూ" దగ్గర ఆగింది. ఒకాయన పెట్టాడు, అది కూడా కౌలుదారు బంధువు కాబట్టి.

కాలేజీ వైపు సంగతి కూడా చెప్పాలి. మా లోపలి నిబంధన ఒకటి మార్పించాను. ఆ ఊళ్లో ప్రాజెక్టు చేసిన పిల్లల రిపోర్టు మీద సమాఖ్య అధ్యక్షురాలి సంతకం లేనిదే మేం మార్కులు వేయం. "ఊళ్లోవాళ్లు మన పిల్లలకి మార్కులేస్తారా?" అని స్టాఫ్ రూములో గొణిగారు. మొదటి ఏడాదే ఒక కుర్రాడు జిరాక్స్ షాపు రిపోర్టు పట్టుకెళ్లాడు. ఆవిడ ఇంటర్ చదువుతున్న తన మనవరాలి చేత మొత్తం చదివించుకుంది. రెండో పేజీలో ఆ ఊరు కొండల మధ్య ఉందనీ, గిరిజనులు పోడు చేసుకుంటారనీ ఉంది. "ఏం బాబూ, మా ఊళ్లో కొండెక్కడుంది? సముద్రం గట్టు తప్ప ఎత్తయిన చోటే లేదే!" అని సంతకం పెట్టకుండా, మజ్జిగిచ్చి పంపించింది. ఆ కబురు కాలేజీ అంతా పాకింది. నేను పది సర్క్యులర్లు ఇచ్చినా ఇంత పని జరిగేది కాదు.

ఇప్పుడు కాలేజీకీ సమాఖ్యకీ మధ్య ఒక పేజీ ఒప్పందం ఉంది. ఏటా కొత్త బ్యాచ్ మొదటి పని పుస్తకాల తనిఖీ. సమాఖ్య ఒక గది ఇస్తుంది, ఇద్దరు సభ్యులు పిల్లలతో తిరుగుతారు. ఏ పని ముందు, ఏది తర్వాత అనేది వాళ్ల మీటింగులో తేలాలి, మా స్టాఫ్ మీటింగులో కాదు. నా మూడేళ్లు అయిపోవస్తున్నాయి. తర్వాత ఈ పని చూడబోయే ఫిజిక్స్ మేడం గారిని రెండు మీటింగులకి తీసుకెళ్లాను. అక్కడ నాకంటే ఆవిడతోనే ఎక్కువ మాట్లాడారు, ఆ తేడా ఉంటుంది మరి.

ఈ ఏడాది వాళ్లు మాకప్పగించింది జీఐ సంగతి. నరసాపురం లేసుకి గుర్తింపు వచ్చినా, ఆ పేరుని అధికారికంగా వాడుకుని అమ్ముకోవాలంటే అల్లేవాళ్లు ఆథరైజ్డ్ యూజర్‌గా విడిగా నమోదు చేసుకోవాలి. ఈ విషయం ఊళ్లో ఎవరికీ తెలీదు, ఏజెంటక్కతో సహా. ఇప్పుడు ఏజెంటక్క పేరే జాబితాలో మొదటిది. తామే తయారుచేస్తున్నట్టు చూపించడానికి లేసు పుస్తకాల నకళ్లు జతచేద్దామని మేడం గారు అంటున్నారు. రెండేళ్ల పుస్తకాలు తడవకుండా ఉన్నవి ఎన్నో పిల్లలు ఇల్లిల్లూ తిరిగి ఏరుతున్నారు. వర్షాలకి కొన్ని పాడయ్యాయి, వాటికి ఏజెంటక్క దగ్గరున్న పుస్తకంలోంచి ఎత్తిరాస్తున్నారు.